గన్నవరం నుంచి విమాన దూరం, ప్రయాణ సమయం ఎలా లెక్కగట్టాలి

ముందు కొలిచే చోటు సరిచూసుకోండి. ‘విజయవాడ’ అని కొడితే మ్యాపు నగరం నడిబొడ్డు నుంచి కొలుస్తుంది, విమానం ఎక్కేది గన్నవరంలో. అందుకే ఊరి పేరు కాకుండా విమానాశ్రయం కోడ్ వాడాలి. మనది వీజీఏ. వీటీజెడ్ విశాఖపట్నానిది, తొందరలో ఈ రెండూ తారుమారవుతుంటాయి.

కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, గన్నవరం రన్‌వే మీద మౌస్ కుడి బటన్ నొక్కి, దూరం కొలిచే ఆప్షన్ ఎంచుకుని, దిగే రన్‌వే మీద క్లిక్ చేస్తే చాలు. ఢిల్లీకి సుమారు 1,390 కిలోమీటర్లు, ముంబైకి 890, బెంగళూరుకి 500, చెన్నైకి 400, శంషాబాద్‌కి 265 వస్తాయి. ఇవి భూమి వంపు మీద అతి దగ్గరి దారి లెక్కలు. విమానం నిర్ణీత మార్గాల్లో వెళ్తుంది, రన్‌వే దిశకు తగ్గట్టు చుట్టు తిరిగి దిగుతుంది కాబట్టి నిజంగా ఎగిరే దూరం కాస్త ఎక్కువే.

కొన్ని సైట్లు దూరాన్ని నాటికల్ మైళ్లలో చూపిస్తాయి. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. ఢిల్లీ దూరం 750 అని కనిపిస్తే, దాన్ని మామూలు మైళ్లనుకుని 1.6తో గుణిస్తే 190 కిలోమీటర్లు ఎగిరిపోతాయి.

ఇక సమయం. ఎయిర్‌బస్ 320 లాంటి జెట్‌కి గంటకు 800, రెక్కలకు పంకాలుండే చిన్న విమానం ఏటీఆర్‌కి 500 కిలోమీటర్ల చొప్పున భాగించి, వచ్చినదానికి అరగంట కలపండి. విమానం నేల మీద రన్‌వే దాకా మెల్లగా వెళ్లడం, గాల్లోకి పైకెక్కడం, నెమ్మదించి దిగడం ఆ అరగంటలోకే వస్తాయి. ఢిల్లీకి జెట్‌లో గంటా ముప్పావు, అరగంట కలిపితే రెండుంపావు. శంషాబాద్‌కి ఏటీఆర్‌లో దాదాపు గంట. టికెట్ మీద ఉండేది గేటు నుంచి గేటుకి పట్టే సమయం, అందులో ఆలస్యానికి కొంత వెసులుబాటు ముందే కలిపేస్తారు. అందుకే ఆలస్యంగా బయల్దేరిన విమానం కూడా ఒక్కోసారి వేళకే దిగుతుంది.

విదేశాలకైతే టికెట్ మీద రెండు వేళలూ ఎక్కడివక్కడ స్థానిక సమయాలే. హైదరాబాద్‌లో 10:00కి ఎక్కి దుబాయ్‌లో 12:30కి దిగితే ప్రయాణం రెండున్నర గంటలు కాదు, నాలుగు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. చలికాలంలో పడమటి గాలి ఎదురొస్తుంది కాబట్టి వెళ్లేటప్పుడు ఎక్కువసేపు పడుతుంది, తిరిగొచ్చేటప్పుడు అదే గాలి తోస్తుంది.

అసలు సమయం తినేది నేల మీదే. గుంటూరు నుంచి గన్నవరం దాదాపు 55 కిలోమీటర్లు. వారధి, బెంజి సర్కిల్, రామవరప్పాడు దాటాల్సి వస్తే సాయంత్రం వేళ గంటన్నర పెట్టుకోండి. దేశీయ విమానాలకు చెక్-ఇన్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు, కాబట్టి గంటన్నర ముందు అక్కడుండాలి. దిగాక సామాను కోసం అరగంట, శంషాబాద్ నుంచి ఊళ్లోకి మరో గంట. గంట విమానానికి మొత్తం అయిదున్నర గంటలు! హైదరాబాద్‌కి కారులోనూ ఇంచుమించు అంతే పడుతుంది. అక్కడ విమానం మారేవాళ్లకు తప్ప మిగతావాళ్లకు ఇది పెద్దగా కలిసిరాదు. ఢిల్లీ, ముంబైలకైతే ఆలోచించే పనే లేదు.

డిసెంబర్, జనవరిల్లో పొద్దున్నే గన్నవరంలో పొగమంచు పడుతుంది. ఆ నెలల్లో తెల్లవారుజాము విమానం దిగి ఇంకోటి ఎక్కాల్సి ఉంటే మధ్యలో కనీసం మూడు గంటలు ఉంచుకోండి. రెండూ ఒకే టికెట్ మీద బుక్ చేస్తే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత సంస్థదే.