వరదల తర్వాత ఓనరు దగ్గర సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా? డబ్బు కట్టకముందే రాయించుకోవాల్సినవి

వరద తీసిన కొన్ని నెలలకు సెకండ్ హ్యాండ్ మార్కెట్లో చవక బేరాలు మొదలవుతాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు నీట మునిగాయి. మరమ్మతు ఖర్చు ఐడీవీలో (పాలసీలో రాసిన బండి విలువలో) 75 శాతం దాటితే బీమా కంపెనీ ఆ బండిని టోటల్ లాస్ కింద తేలుస్తుంది, మిగిలిన బండి వేలానికి పోతుంది. కొన్నవాళ్లు కడిగి, సీట్లు మార్చి, పాలిష్ కొట్టి నిలబెడితే చూడ్డానికి ఏ లోపమూ కనిపించదు. కనెక్టర్లలో చేరిన తేమ మాత్రం రాగిని తింటూనే ఉంటుంది. నెలల తర్వాత ఒక్కో సెన్సరూ, చివరికి ఇంజన్‌ను నడిపించే కంప్యూటరు ఈసీఎమ్మూ పోతాయి.

డీలరు కన్నా ఓనరు దగ్గర కొనడమే క్షేమమని చాలామంది నమ్మకం. ధరలో అది నిజం కావచ్చు, చట్టం దగ్గర మాత్రం తలకిందులు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం సరుకు నాణ్యంగా ఉండాలన్న షరతు ఆ సరుకుతో వ్యాపారం చేసేవాళ్లకే పడుతుంది. తన ఒక్క కారు అమ్ముకునే ఉద్యోగికి పడదు. వినియోగదారుల కమిషన్‌లో కూడా అతని మీద కేసు మామూలుగా నిలవదు.

ఇక మిగిలేది 1872 నాటి కాంట్రాక్టు చట్టం. లోపం తెలిసి కూడా అమ్మేవాడు నోరు విప్పకపోతే, ఆ మౌనం ఒక్కటే సాధారణంగా మోసం కాదని 17వ సెక్షన్ వివరణే చెబుతోంది. అడిగినప్పుడు తెలిసి అబద్ధం చెబితే అది మోసం. అందుకని అడగాలి, జవాబు రాతలో ఉండాలి. బేరం కుదిరే ముందు వాట్సాప్‌లో ఇలా పంపండి: "అన్నా, కారు ఎప్పుడైనా నీళ్లలో మునిగిందా? పెద్ద యాక్సిడెంట్ అయిందా? టోటల్ లాస్ క్లెయిమ్ ఉందా? మీటరు రీడింగ్ అసలుదేనా? లోన్ ఏమైనా ఉందా?" జవాబు రాకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. ఫోన్లో చెబుతానంటే, విన్నాక "మీరు ఇలా చెప్పారు" అని మెసేజ్ పెట్టి అవునని రాయించుకోండి. అవే మాటలు, మీటరు అంకెతో సహా, అమ్మకపు ఒప్పందంలోకి ఎక్కించండి. డెలివరీ తేదీ, సమయం కూడా అందులో ఉండాలి. స్టేషనరీ షాపులో దొరికే ఒప్పందం నమూనాల్లో "ఉన్నది ఉన్నట్టుగా చూసుకుని తీసుకున్నాను" అనే లైను తరచూ ఉంటుంది. అది కొట్టేయించండి, రేపు మీ మీదకే వచ్చే మాట అది. డబ్బు బ్యాంకు ద్వారానే, ఆర్సీలో పేరున్న మనిషి ఖాతాకే వెళ్లాలి.

బండి చూసేటప్పుడు సీటు బెల్టును చివరిదాకా లాగండి. పైభాగం కడుగుతారు, లోపల చుట్టుకున్న చివర్లో బురద గీత ఉండిపోతుంది. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంత, సీటు పట్టాల బోల్టులు, కార్పెట్ కింద ఫోమ్ చూడండి. ఫ్యూజ్ బాక్సులో పచ్చటి పొడి కనిపిస్తే అక్కడితో ఆపేయండి. పాలసీ కాగితం కూడా చాలా చెబుతుంది. ఒకే ఓనరు, క్లెయిమ్ లేని బండికి ఆరో ఏడు పాలసీలో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 50 శాతం ఉండాలి. సున్నా ఉంటే కిందటేడు క్లెయిమ్ అయి ఉండొచ్చు, లేదా పాలసీ 90 రోజులకు మించి ఆగి ఉండొచ్చు. కారణం ఏమిటో ఓనరు చెప్పాలి. మీటరు తిప్పారేమో తేల్చుకోవడానికి షోరూంలో సర్వీస్ హిస్టరీ తీయించండి. లోన్ తీరిందంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఆర్సీలో లోన్ ఎంట్రీ తీసేయించే ఫారం 35 చేతికి రావాలి. ఆర్సీ పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు మీ ఎదుటే జరగాలి. బీమా మీ పేరుకు మార్చమని 14 రోజుల్లోపు కంపెనీకి రాయండి.

కొన్నాక లోపం బయటపడితే బండి నడపడం ఆపేయండి, రిపేరు చేయించకండి. విప్పిన పార్టు మళ్లీ బిగిస్తే సాక్ష్యం పోతుంది. ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌లో జాబ్ కార్డు, ఫోటోలు, లోపం ఎప్పటిదో, ఎందుకొచ్చిందో చెప్పే రాతపూర్వక రిపోర్టు, ఎస్టిమేట్ తీసుకోండి. వెంటనే వకీలు నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి. ఇక్కడ జాప్యం చాలా నష్టం చేస్తుంది: లోపం తెలిశాక కూడా నెలల తరబడి వాడుకుంటే బండిని అంగీకరించినట్టే లెక్క, అప్పుడు వాపసు అడిగే హక్కు బలహీనపడి నష్టపరిహారమే మిగలవచ్చు. సివిల్ దావాకు గడువు మూడేళ్లు. మోసమైతే అది బయటపడిన నాటి నుంచి లెక్క. వాట్సాప్ ప్రింట్ ఒక్కటీ చాలదు, భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే సర్టిఫికెట్ జతచేయాలి. అందుకే ఆ ఫోన్ మార్చొద్దు, చాట్ చెరపొద్దు.

పోలీస్ స్టేషన్‌కు వెళ్తే "ఇది సివిల్ మేటరు" అనే మాట వినాల్సి రావచ్చు. అమ్మేనాటికే మోసం చేయాలన్న ఉద్దేశం ఉందని చూపగలిగితే భారతీయ న్యాయ సంహితలో మోసానికి సంబంధించిన 318(4) సెక్షన్ వర్తిస్తుంది. వరద క్లెయిమ్ డబ్బు తీసుకుని, "ఎప్పుడూ మునగలేదు" అని మెసేజ్ పెట్టినవాడి కేసు అలాంటిదే. ఎఫ్‌ఐఆర్ కట్టకపోతే ఎస్పీకి, లేదా కమిషనరేట్ అయితే కమిషనర్‌కు రాతపూర్వకంగా పంపండి. ఆ తర్వాత మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు.

ఆర్సీ ఒకరి పేరు మీద, అమ్మేది ఇంకొకరు, అదే ఫోన్ నంబరుతో మరో నాలుగు బళ్ల ప్రకటనలు ఉంటే అతను ఓనరు ముసుగులో ఉన్న వ్యాపారి. ఆ ప్రకటనల స్క్రీన్‌షాట్లు ఆరోజే దాచుకోండి. అవి ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్ తలుపు తెరుచుకుంటుంది. మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 50 లక్షల వరకూ జిల్లాలోనే వింటారు, గడువు రెండేళ్లు. సలహాకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

నిజమైన ఓనరుతోనే గొడవైతే, దావాకు ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ అర్జీ పెట్టి చూడండి. కోర్టు ఫీజు ఉండదు, న్యాయసేవల హెల్ప్‌లైన్ నంబరు 15100. అక్కడి లోక్ అదాలత్‌లో ఇద్దరూ ఒప్పుకుంటే వచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం. ఎంత సొమ్ము, ఏ తేదీకి, బండి ఎవరు తీసుకెళ్లాలి, అప్పటిదాకా చలాన్లు ఎవరివి అన్నది అందులో రాయించండి.