విదేశంలో కొత్త ఉద్యోగం: భారీ ట్రేస్ ఫైలును చదవడం ఎలా

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో చదువుకొని జర్మనీకి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చే మన పిల్లలకు అద్దె ఇల్లు, బ్యాంకు ఖాతా, ఆరోగ్య బీమా గురించి చెప్పేవారు చాలామందే ఉన్నారు గానీ, చేరిన కొద్ది వారాల్లోనే చేతికొచ్చే ట్రేస్ ఫైలు గురించి చెప్పేవారు అరుదు. ప్రోగ్రామ్ నడుస్తుండగా ఏ ఫంక్షన్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో, దాన్ని ఏది పిలిచిందో వరుసగా నమోదైన రికార్డే ట్రేస్. నాకు మొదటిసారి ఇచ్చిన ఫైలులో 40 లక్షల వరుసలున్నాయి. అనంతపురంలో పరీక్షలకు చదివిన అలవాటుతో మొదటి వరుస నుంచి మొదలుపెట్టినందువల్ల మూడు రోజులు గడిచినా ఏమీ తేలలేదు.

మన కె.సి. కెనాల్ సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా సాగుతుంది. చివరి ఆయకట్టుకు నీళ్లందకపోతే రైతులు గట్టంతా కొలుచుకుంటూ రారు. ఏ తూము దాకా నీరు నిండుగా వచ్చింది, ఏ తూము దాటాక తగ్గింది అని చూస్తారు. ట్రేస్‌నూ అలాగే చూడాలి. "ఈ ఆర్డరు పేజీ తెరుచుకోవడానికి 3 సెకన్లు ఎందుకు పట్టింది?" అని ముందు కాగితం మీద ప్రశ్న రాసుకొని, ఆ ఒక్క రిక్వెస్టు ఐడీతో (ఒక్కో అభ్యర్థనకు ఇచ్చే గుర్తింపు సంఖ్యతో) సంబంధం లేనివన్నీ తీసేయండి. ప్రతిచోటా కనిపించే చిన్నచిన్న సహాయక ఫంక్షన్లను కూడా దాచిపెట్టండి. మిగిలినదానిలో ఒకే వరుసక్రమం మళ్లీ మళ్లీ వస్తుంటే దాన్ని ఒకే వరుసగా మడవండి. ఆర్డరులోని 180 వస్తువులకు విడివిడిగా డేటాబేస్‌ను అడిగిన 180 పిలుపులు, ఒక్కొక్కటి 15 మిల్లీసెకన్లు అనుకోండి, "180 సార్లు, మొత్తం 2.7 సెకన్లు" అని మడిచిన క్షణంలోనే జవాబు కనబడుతుంది.

ఏ ఫంక్షన్ వాటా ఎంతో ఒకదానిపై ఒకటి పేర్చిన పట్టీలుగా చూపే బొమ్మ ఫ్లేమ్ గ్రాఫ్. 2011లో బ్రెండన్ గ్రెగ్ అనే ఇంజినీరు రూపొందించిన ఇది ఇందుకు ఎంతో ఉపయోగపడుతుంది. అయితే అందులో పట్టీ వెడల్పు ఆ ఫంక్షన్ వాటాను చూపుతుందే తప్ప, ఎడమ నుంచి కుడికి కాలక్రమాన్ని చూపదు. కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఏది ముందో ఏది వెనకో తెలియాలంటే పెర్ఫెట్టో వంటి సాధనంలో టైమ్‌లైన్‌ను తెరవాలి. సరిగ్గా నడిచిన రోజు ట్రేస్ దొరికితే పక్కన పెట్టుకొని, రెండూ ఎక్కడ విడిపోయాయో వెతకండి.

సమయాలను యూటీసీలోనే (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలోనే) చదవడం అలవాటు చేసుకోండి. జర్మనీలో అక్టోబరు చివరి ఆదివారం తెల్లవారుజామున గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి, స్థానిక సమయంలో రెండు నుంచి మూడు గంటల మధ్య నమోదైనవి ఆ రోజు రెండుసార్లు వచ్చినట్లు కనిపిస్తాయి.

ఎంత ఇబ్బందిగా ఉన్నా ట్రేస్‌ను కడపలోని స్నేహితుడికి వాట్సాప్‌లో పంపకండి. అందులో వినియోగదారుల పేర్లు, చిరునామాలు ఉండవచ్చు. వ్యక్తిగత సమాచార రక్షణ కోసం ఐరోపా యూనియన్‌లో 2018 నుంచి అమలులో ఉన్న జీడీపీఆర్ చట్టం వాటి విషయంలో చాలా కఠినంగా ఉంటుంది. దానికి బదులు మీ ప్రశ్న, కుదించిన ఇరవై వరుసలు, మీ అనుమానం ఒక పేజీలో రాసుకొని, మొహమాటపడకుండా పక్క బల్ల దగ్గరి సీనియర్‌ను అడగండి. చాలా ఆఫీసుల్లో సీనియర్లను కూడా పేరు పెట్టే పిలుస్తారు, అందులో అమర్యాద ఏమీ లేదు.