నీటిరంగుల్లో ల్యాండ్‌స్కేప్ – 9వ పాఠం: ఏఐ గీసిన గోదావరి, మనం చూసిన గోదావరి

కిందటి పాఠంలో ఒకే రంగుతో మూడు టోన్లు వెయ్యడం నేర్చుకున్నాం: వదిలేసిన తెల్ల కాగితం, మధ్యస్థం, ముదురు. ఈసారి ఆ మూడు టోన్లతో ఒక ఏఐ బొమ్మను పరీక్ష చేద్దాం. తర్వాత అదే చోటికో, మన ఊరి చెరువు గట్టుకో వెళ్లి మన బొమ్మ మనం వేసుకుందాం. పోస్ట్‌కార్డు సైజుకు కోసిన మందపాటి (300 జీఎస్ఎం) కాగితం ముక్కలు నాలుగు, ఇండిగో (ముదురు నీలం) గాని సెపియా (ముదురు గోధుమ) గాని ఒక రంగు ట్యూబు, 8వ నంబరు రౌండ్ బ్రష్, పెన్సిల్, ఫోన్ చాలు.

ముందు ఫోన్‌లో బొమ్మలు గీసే ఏఐ యాప్ ఏదైనా తెరిచి, "రాజమండ్రి పుష్కర ఘాట్ నుంచి గోదావరి మీద సూర్యోదయం, పడవలు" అని అడగండి. కాసేపట్లో బొమ్మ వస్తుంది. బాగానే ఉంటుంది, ఆ విషయంలో నాకు పేచీ లేదు. కానీ మనం అడిగినదాంట్లోనే తిరకాసు ఉంది. రాజమండ్రి గోదావరికి తూర్పు గట్టున ఉంది. ఘాట్ మెట్ల మీద నిలబడి నదివైపు చూస్తే ఎదురుగా పడమర, అవతల కొవ్వూరు. పొద్దున సూర్యుడు మన వీపు వెనక, ఊళ్లోంచి లేస్తాడు. నది మీద సూర్యోదయం చూడాలంటే వంతెన దాటి కొవ్వూరు గట్టుకు వెళ్లాలి. ఘాట్ దగ్గర టీ అమ్మే మనిషిని అడిగినా చెబుతాడు. యాప్ మాత్రం మారుమాట్లాడకుండా సూర్యుణ్ణి నది మీద పెట్టి ఇచ్చేస్తుంది.

ఎందుకలా చేస్తుందో కాస్త తెలుసుకుంటే పరీక్ష సులువవుతుంది. ఈ యంత్రాల్లో ఎక్కువ భాగం డిఫ్యూజన్ అనే పద్ధతిలో పనిచేస్తాయి. శిక్షణలో ఒక ఫొటో మీద చుక్కల గందరగోళం కొంచెం కొంచెంగా కలుపుతూ పోతారు. ఆ చుక్కల్ని తీసేసి బొమ్మను వెనక్కి రప్పించడం యంత్రం నేర్చుకుంటుంది. మనం అడిగినప్పుడు ఉత్త చుక్కలతో మొదలుపెట్టి, మన మాటలకు సరిపోయేలా వాటిని శుభ్రం చేసుకుంటూ వస్తుంది. ఇలాంటి శిక్షణ కోసం 2022లో వచ్చిన లయాన్-5బి అనే సేకరణలో ఫొటో, దాని కింది వివరణ కలిపి 585 కోట్ల జతలుండేవి. ఇన్ని చూసిన యంత్రానికి సూర్యోదయం పక్కన ఏ రంగులు వస్తాయో బాగా తెలుసు. గోదావరికి రాజమండ్రి ఏ వైపున ఉందో చూసుకునే అలవాటు దానికి లేదు. ఎక్కువసార్లు చూసినదానివైపే మొగ్గుతుంది.

ఇప్పుడు బొమ్మను నలుపు తెలుపులోకి మార్చి, కళ్లు సగం మూసి చూడండి. సూర్యుడు బొమ్మలోనే కనిపిస్తున్నాడంటే వెలుగు వస్తువుల వెనక నుంచి వస్తోందన్నమాట. అప్పుడు పడవల మనవైపు చెక్కలు ముదురు టోన్‌లో ఉండాలి, అంచుల్లో మాత్రమే సన్నటి మెరుపు ఉండాలి. ఏఐ బొమ్మల్లో చాలాసార్లు సూర్యుడు వెనకుంటాడు, పడవ మీది ఎర్రరంగు, పసుపు రంగు మాత్రం ఎండ నేరుగా పడినట్టు వెలిగిపోతుంటాయి. ఫొటో స్టూడియోలో ఎదురుగా లైటు పెట్టినట్టు. మొదటి కార్డు మీద ఈ బొమ్మనే మూడు టోన్లలో కాపీ చెయ్యండి. పడవను ఏ టోన్‌లో వెయ్యాలో తేల్చుకోలేక మీ బ్రష్ ఆగిందంటే తప్పు దొరికినట్టే.

తర్వాత నీళ్లు చూడండి. నేర్చుకునేవాళ్లు కూడా ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే కాబట్టి నిదానంగా చదవండి. నీటిలో కనిపించే ప్రతిబింబం పైనున్న బొమ్మను తలకిందులు చేసిన కాపీ కాదు. మన కన్ను నీటికి ఎంత ఎత్తులో ఉందో, నీటి మట్టానికి అంత కింద ఇంకో కన్ను ఉందనుకోండి. అక్కడినుంచి పైకి చూస్తే ఏం కనిపిస్తుందో అదే ప్రతిబింబం. అందుకే గట్టు మీద నిలబడితే మనకు పడవ లోపలి బల్లలు కనిపిస్తాయి గాని, నీళ్లలోని పడవలో అవి కనిపించవు. బయటి చెక్క మాత్రమే ఉంటుంది. పాపికొండల దగ్గర లాంచీ పై డెక్ మీద నుంచి చూసినా ఇంతే: పైన చెట్ల వెనక నిలువెత్తున లేచే కొండ నీళ్లలో కొంత పొట్టిగా ఉంటుంది, కింది కన్నుకు ముందున్న చెట్లు దాన్ని ఎక్కువగా కప్పేస్తాయి కనుక. నీటి మట్టానికి దగ్గరగా కూర్చుంటే ఈ తేడా తగ్గిపోతుంది. పైది మడతపెట్టి అచ్చు గుద్దినట్టు కింద వేసిన ఏఐ బొమ్మలు మీకు బోలెడు దొరుకుతాయి.

ఇంకోటి. తేటగా ఉన్న లోతైన నీటి మీద పడవ నీడ దాదాపు కనిపించదు, ప్రతిబింబం మాత్రమే కనిపిస్తుంది. జులై, ఆగస్టుల్లో గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు నీటిలోని మట్టి రేణువులు నీడను పట్టుకుంటాయి. అప్పుడు నీడ ఒక దిక్కుకి, ప్రతిబింబం నేరుగా మన వైపుకి, రెండూ విడివిడిగా కనిపిస్తాయి. వరదరోజుల గోదావరి వెయ్యమంటే ఏఐ ఏం ఇస్తుందో సరదాగా చూడండి. నీలం నీళ్లు వస్తే ఆశ్చర్యపోకండి.

ఇక బయటికి వెళ్దాం. రాజమండ్రే కానక్కర్లేదు, మీ ఊరి చెరువు గట్టైనా సరే, పడమర కనిపిస్తే చాలు. చెయ్యి బారచాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. సూర్యుడు అవతలి గట్టుకు పిడికిలంత పైన ఉన్నాడంటే అస్తమించడానికి ఇంకా 40 నిమిషాలు ఉందని లెక్క. కొలిచేటప్పుడు సూర్యుణ్ణి పిడికిలితో మూసెయ్యండి, నేరుగా చూడొద్దు. రెండో కార్డు అప్పుడు మొదలుపెట్టండి. సగం పిడికిలి మిగిలినప్పుడు మూడోది, సూర్యుడు మునిగాక నాలుగోది. ఒక్కోదానికి పది నిమిషాలు మించొద్దు. పెన్సిల్ గీతలు నాలుగైదు చాలు, మిగతాదంతా వాష్, అంటే నీళ్లు బాగా కలిపిన పల్చటి రంగు పూత. నాలుగో కార్డులో ఒక వింత గమనిస్తారు: నీళ్లు ఆకాశం కంటే కొంచెం ముదురుగా ఉంటాయి గాని, గట్టు కంటే చాలా లేతగా ఉంటాయి.

ప్రతి కార్డు వెనక తేదీ, టైము, గాలి ఎటు నుంచి వీస్తోందో రాయండి. ఇది నా సొంత తెలివి కాదు. ఇంగ్లండ్ చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ 1821, 1822లో లండన్ పక్కన హ్యాంప్‌స్టెడ్‌లో మబ్బుల్ని నూనెరంగుల్లో వేసి, చాలావాటి వెనక ఇవే రాసుకున్నాడు. మన దగ్గర తేదీ ఇంకా ముఖ్యం. రాజమండ్రి ఘాట్ నుంచి చూస్తే డిసెంబరులో సూర్యుడు ఎడమవైపుకి, జూన్‌లో కుడివైపుకి జరిగి మునుగుతాడు. రెండు చోట్లకూ మధ్య దాదాపు ఐదు పిడికిళ్ల దూరం. తేదీని బట్టి నీడలూ మారతాయి: హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం నిలువు స్తంభానికి నీడే ఉండదు.

"ఇంత కష్టం ఎందుకండీ, యాప్ ఉందిగా" అని ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా అంటారు. ఆ మాట వెనకున్న దిగులు నాకు అర్థమవుతుంది. క్యాలెండర్లకు, ఫ్లెక్సీలకు, హోటల్ గదులకు వేసే 'ఏదో ఒక సీనరీ' పని మన చేతుల్లోంచి జారిపోతోందనే నా అభిప్రాయం, దాన్ని దాచను. పోలండ్ చిత్రకారుడు గ్రెగ్ రుట్కోవ్‌స్కీ కాల్పనిక దృశ్యాలు వేస్తాడు. 2022లో జనం ఆయన్ని అడక్కుండానే ఆయన పేరు ప్రాంప్టుల్లో (యాప్‌ను అడిగే మాటల్లో) పెట్టి వేల బొమ్మలు తీసుకున్నారు. శైలిని అలా లాగేసుకోవచ్చు. అదే ఏడాది అమెరికాలోని కొలరాడో స్టేట్ ఫెయిర్‌లో ఏఐతో చేసిన బొమ్మకు డిజిటల్ విభాగంలో మొదటి బహుమతి వచ్చింది. దాని కోసం 624 సార్లైనా ప్రాంప్టులు మార్చానని దాన్ని చేసిన జేసన్ అలెన్ చెప్పినా, 2023లో అక్కడి కాపీరైట్ ఆఫీసు దాన్ని రిజిస్టర్ చెయ్యలేదు.

మీ కార్డు సంగతి వేరు. "మా ఊరి రేవు, మా తాతగారు పడవ కట్టేసిన చోటు, కార్తీకంలో సాయంత్రం ఎలా ఉంటుందో అలా కావాలి" అని అడిగేవాళ్లుంటారు. వాళ్లకు ఇవ్వాలంటే ఆ రేవులో నిలబడి చూసిన టోన్లు మీ దగ్గర ఉండాలి.

ఈ వారం హోంవర్క్: నాలుగు కార్డులూ వరసగా గోడకు అంటించి, ఏఐ బొమ్మ కాపీలో పడవ టోన్‌కీ, మీ రెండో కార్డులో పడవ టోన్‌కీ తేడా ఎంతుందో రాయండి. పడవ లేకపోతే చెట్టు చూడండి. కార్డులు పారెయ్యకండి. 10వ పాఠంలో తడి కాగితం మీద మబ్బులు వేస్తాం, వెనక రాసుకున్న గాలి దిక్కుతో అక్కడ పని పడుతుంది.