మన గల్లీ గోడ మీద వెలుతురు రాతలు: ఎలా చేయాలి?

చేతిలోని టార్చిలైటు తిప్పుతుంటే ఎదురుగా ఉన్న మూడంతస్తుల గోడ మీద మీ పేరు రాసుకుంటూ పోతుంది. రంగు డబ్బా అక్కర్లేదు, గోడ పాడవదు, ఒక మీట నొక్కితే అంతా మాయం. గ్రాఫిటీ రీసెర్చ్ ల్యాబ్ అనే న్యూయార్క్ బృందం 2007లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డ్యామ్‌లో ఒక ఎత్తైన భవనం మీద లేజర్‌తో ఇలా రాయించింది. ఆ ప్రోగ్రామును ఉచితంగా అందరికీ ఇచ్చేసింది కూడా. పద్ధతి ఇప్పటికీ అదే: గోడ మీద వెలుతురు చుక్క ఎక్కడుందో కెమెరా చూస్తుంది, అది కదిలిన దారిని కంప్యూటర్ గీతగా మారుస్తుంది, ప్రొజెక్టర్ ఆ గీతను మళ్లీ అదే గోడ మీద వేస్తుంది.

హనుమకొండలోనో కాజీపేటలోనో ఒక కాలనీ కుర్రాళ్లు కలిస్తే అయ్యే పనే. కోడ్ కన్నా గోడ దొరకడమే కష్టం.

1. గోడ

వరంగల్ అనగానే అందరి కళ్లూ కోట మీదికో వేయిస్తంభాల గుడి మీదికో పోతాయి. అవి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు, అనుమతి లేకుండా అక్కడ సామాను దించొద్దు. అనుమతి సంగతి అటుంచితే, నల్లరాయి వెలుతురును మింగేస్తుంది. చెక్కడాల మీద గీతలు వంకర్లు పోతాయి. మనకు కావాల్సింది తెల్ల సున్నమో లేత రంగో వేసిన, కిటికీలు లేని అపార్టుమెంటు పక్కగోడ. ఫంక్షన్ హాలు వెనకగోడ అయినా, స్కూలు గోడ అయినా సరే. యజమాని దగ్గర నోటిమాట కాకుండా కాగితం మీద ఒప్పుకోలు తీసుకోండి. రోడ్డు మీద జనం చేరేటట్టయితే పోలీస్ స్టేషన్‌లో ముందే చెప్పండి. గోడ మీద పడే వీధిదీపాన్ని ఆ రెండు గంటలు ఆపమని బల్దియా వాళ్లను అడగొచ్చు. ఒప్పుకోకపోతే వేరే గోడ చూసుకోవడమే మేలు.

2. ప్రొజెక్టర్

పెళ్లిళ్లకు స్క్రీన్లు పెట్టేవాళ్ల దగ్గర 5000 ల్యూమెన్స్‌ది అద్దెకు అడగండి (ల్యూమెన్స్ అంటే అది వెదజల్లే మొత్తం వెలుగుకు కొలత). లెక్క సులువు: ల్యూమెన్స్‌ను బొమ్మ వైశాల్యంతో భాగిస్తే గోడ మీద పడే వెలుగు లక్స్‌లో వస్తుంది. 5 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు అంటే 20 చదరపు మీటర్లు, అంటే 250 లక్స్. బ్రహ్మాండంగా కనిపిస్తుంది. అదే మెషీన్‌తో 10 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల ఎత్తుకు పోతే 62 లక్స్‌కు పడిపోతుంది. పెద్దగా వేయాలని అందరికీ ఉంటుంది, కానీ చిన్నగా, కాంతిగా వేసిందే చూడబుద్ధవుతుంది. త్రో రేషియో (గోడకున్న దూరం బొమ్మ వెడల్పుకు ఎన్ని రెట్లో చెప్పే అంకె) 1.5 అని రాసి ఉంటే, 5 మీటర్ల బొమ్మకు ప్రొజెక్టర్‌ను ఏడున్నర మీటర్ల దూరంలో పెట్టాలి. గల్లీ అంత వెడల్పు ఉందో లేదో టేపుతో కొలిచాకే అడ్వాన్సు ఇవ్వండి.

3. కెమెరా

మామూలు యూఎస్‌బీ వెబ్‌క్యామ్ సరిపోతుంది. ప్రొజెక్టర్ పక్కనే స్టాండు మీద కదలకుండా బిగించండి. ఆటో ఎక్స్‌పోజర్ (వెలుగును బట్టి కెమెరా తనంతట తానే సర్దుకోవడం) ఆపేయడం మర్చిపోవద్దు, సగం తంటాలు దాని వల్లే. ఎక్స్‌పోజర్‌ను చేత్తో తగ్గించుకుంటూ పోండి. గోడ దాదాపు నల్లగా, టార్చి చుక్క ఒక్కటే తెల్లగా కనిపించే దగ్గర ఆపండి.

4. కలం

లేజర్ పాయింటర్ వద్దనే నా మాట. చవకగా దొరికే ఆకుపచ్చ లేజర్లలో చాలావాటి బలం లేబుల్ మీద రాసిన దానికన్నా ఎక్కువ ఉంటుంది. జనంలో ఎవరి కంట్లో పడినా, బైకు మీద పోయేవాడి ముఖాన పడినా ప్రమాదమే. జూమ్ తిప్పుకునే ఎల్ఈడీ టార్చి చాలు. 200 ల్యూమెన్స్ వెలుగును అర మీటరు చుక్కగా బిగిస్తే దాదాపు 1000 లక్స్. అంటే ప్రొజెక్టర్ గీతకు నాలుగు రెట్లు, కాబట్టి కెమెరా తికమక పడదు. బటన్ వెనకవైపు ఉండి, నొక్కినంతసేపే వెలిగే రకం తీసుకోండి. ఎందుకో కింద చెబుతాను.

5. ప్రోగ్రాం

పైథాన్ భాష, కెమెరా బొమ్మలను చదివే ఓపెన్‌సీవీ లైబ్రరీ తెలిసిన ఇంజనీరింగ్ పిల్లలు ఒకరిద్దరుంటే వారాంతంలో అయిపోతుంది. కోడ్ వద్దనుకుంటే, డబ్బాలను వైర్లతో కలిపినట్టు పని చేయించుకునే టచ్‌డిజైనర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. దాని ఉచిత వెర్షన్‌లో బొమ్మ 1280 పిక్సెళ్లు దాటదు, గోడకు అది చాలు.

ముందు ప్రొజెక్టర్‌తో నాలుగు మూలల్లో నాలుగు చుక్కలు వేసి, కెమెరా బొమ్మలో వాటిని క్లిక్ చేయాలి. దాంతో కెమెరాలోని ప్రతి చోటూ ప్రొజెక్టర్‌లో ఎక్కడో కంప్యూటర్‌కు తెలుస్తుంది. స్టాండుకు కాలు తగిలితే ఇది మళ్లీ మొదటికొస్తుంది. తర్వాత ఒక హద్దు దాటిన వెలుగును మాత్రమే తీసుకుని, ఆ మచ్చ నడిబిందువును పట్టుకోవాలి. చుక్క ఎంత లావున్నా గీత సన్నగానే వస్తుంది. చెయ్యి వణుకు కనిపించకుండా చివరి నాలుగైదు బిందువుల సగటు తీయండి.

తెలుగు రాసేటప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. ఇంగ్లీషును కలిపిరాతలో లాగించేయొచ్చు, మనకు తలకట్టు, గుడి, ఒత్తు అన్నీ కలం ఎత్తి వేసేవే. బయట దొరికే ప్రోగ్రాముల్లో చుక్క కాసేపు మాయమైనా గీతను కలిపేసే సెట్టింగు ఉంటుంది. దాంతో 'క' ఒంటికీ తలకట్టుకూ మధ్య అడ్డగీత పడుతుంది. సెకనుకు 30 ఫ్రేములు తీసే కెమెరా అయితే మూడు ఫ్రేముల వరకే ఓపిక పట్టి, ఆ తర్వాత కొత్త గీత మొదలయ్యేలా మార్చండి. టార్చి బటన్ వదిలితే కలం ఎత్తినట్టు. పిల్లలు నిమిషంలో నేర్చుకుంటారు, పెద్దవాళ్లకే కాస్త టైం పడుతుంది.

6. ఆ సాయంత్రం

డిసెంబరు, జనవరి నెలలు అనువైనవి. పెందలాడే చీకటి పడుతుంది, వాన భయం ఉండదు. ప్రొజెక్టర్, ల్యాప్‌టాప్ కలిపి అర కిలోవాట్ లోపే, ఇంటి ఇన్వర్టర్ మీద నడపొచ్చు. వైర్లు జనం తొక్కని చోట పరిచి టేపు అంటించండి.

ల్యాప్‌టాప్ దగ్గర ఒకరు తప్పకుండా కూర్చోవాలి, వేలు 'తుడిచేయి' మీట మీదే ఉండాలి. ఎవరో ఒకరు పార్టీ పేరో, పక్కింటి అమ్మాయి పేరో రాస్తారు. మనిషికి ఒక నిమిషం అని వరుస కట్టించండి, లేదంటే టార్చి ఒక్కడి చేతిలోనే ఉండిపోతుంది. అంతా అయ్యాక, ల్యాంప్ ప్రొజెక్టర్ అయితే, లోపలి ఫ్యాన్ ఆగేదాకా ప్లగ్ పీకొద్దు. వేడి మీద ఆపేస్తే ల్యాంపు పోతుంది, ఆ ఖర్చు అద్దెకిచ్చినవాళ్లు మీ మీదే వేస్తారు.