వాణిజ్య చిత్రకళ, నాలుగో పాఠం: పోస్ట్‌కార్డంత రంగుల నమూనా

పోస్టర్ రంగును చారలు పడకుండా పరచడం గత పాఠంలో అభ్యసించాం. ఒక పెద్ద కట్టడానికి కావలసిన రంగులన్నింటినీ పోస్ట్‌కార్డంత అట్టముక్క మీదే నిర్ణయించుకోవడం ఈసారి నేర్చుకుందాం. ఇందుకు అమెరికన్ చిత్రకారిణి మేరీ బ్లెయిర్ (1911–1978) పనిని శ్రద్ధగా చూడాలి.

1940లో డిస్నీ స్టూడియోలో చేరిన ఆమె, మరుసటి ఏడాది స్టూడియో బృందంతో దక్షిణ అమెరికా తిరిగి వచ్చాక, నీటిరంగుల మెత్తని నీడలను విడిచి, చదునైన ఆకారాలనూ పక్కపక్కన పెట్టడానికి ఇతరులు జంకే రంగులనూ పట్టుకున్నారు. 1953లో ఆ ఉద్యోగం మాని, నాబిస్కో, పెప్సొడెంట్ వంటి సంస్థల ప్రకటనలకూ పిల్లల పుస్తకాలకూ బొమ్మలు వేశారు. ఆ ప్రకటనల కాలమే ఆమెను తర్వాతి పనికి సిద్ధం చేసిందని నేను నమ్ముతాను. ఎందుకంటే పేజీ తిప్పబోయే పాఠకుణ్ణి ఒక్క చూపులో ఆపడానికీ, కదిలిపోయే పడవలోని సందర్శకుడికి దృశ్యాన్ని అందించడానికీ కావలసిన నేర్పు ఒక్కటే.

ఆ పడవ 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో, యునిసెఫ్ కోసం పెప్సీ ప్రాయోజకత్వంలో వెలసిన ‘ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్’ అనే పడవ విహారంలోనిది. అది 1966లో కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్‌కు చేరింది. దాని రూపురేఖలకూ రంగులకూ బ్లెయిర్ కత్తిరించిన కాగితాలతోనూ నమూనాలు చేశారు. దేశదేశాల పిల్లల బొమ్మలు చివరి గదిలో తెల్లని దుస్తుల్లో కనిపిస్తాయి. అన్ని రంగులు దాటి వచ్చిన కంటికి ఆ తెలుపు పండుగలా తోస్తుంది. అదే మొదటి గదిలో ఉంటే వట్టి ఖాళీగా కనిపించేది. రంగుకు బలం దాని ముందూ పక్కనా ఉన్న రంగుల నుంచి వస్తుందన్నది ఈ పాఠానికి ప్రాణం.

ఇప్పుడు మీ ఊరి జాతరలోని రంగులరాట్నాన్ని తీసుకోండి. ముందుగా నలుపు, బూడిద, తెలుపు కాగితాలను కత్తిరించి అట్ట మీద అమర్చండి. పది అడుగుల దూరం నుంచి ఆకారం తెలియకపోతే ఏ రంగూ దాన్ని కాపాడలేదు కనుక మళ్లీ అమర్చండి. ఆకారం కుదిరాక, అట్టలో ఎక్కువ భాగానికి ఒకే ప్రధాన వర్ణాన్నీ, వర్ణచక్రంలో (రంగులను వరుసగా గుండ్రంగా అమర్చిన పటంలో) దానికి పొరుగున ఉండే రెండు వర్ణాలనూ వాడి, ఎదురు వర్ణాన్ని రూపాయి బిళ్లంత మేరకే, చూపు నిలవవలసిన చోట ఉంచండి. పోస్టర్ రంగుల్లో లేతవి ఆరాక కొంత ముదురుతాయి, ముదురువి కొంత పాలిపోతాయి. అందుచేత ప్రతి మిశ్రమాన్నీ విడి కాగితం మీద పూసి, పూర్తిగా ఆరాకే తీర్పు చెప్పండి.

ఇలాంటివి మూడు అట్టలు చేసి దాచండి. 1971లో ఫ్లోరిడాలోని కాంటెంపరరీ హోటల్‌లో బ్లెయిర్ రూపకల్పన చేసిన పలకల కుడ్యచిత్రం 90 అడుగుల ఎత్తుంటుంది. చిన్న నమూనాను గళ్లు గీసి గోడంత చేయడం వచ్చే పాఠంలో చూద్దాం.