మీ సిస్టమ్‌లోని ఐఐఎస్‌లో డాట్‌నెట్ వెబ్ ఏపీఐ పెట్టడం ఎలా?

విజువల్ స్టూడియోలో ఎఫ్5 కొడితే చక్కగా నడిచే ఏపీఐ, విండోస్‌తో వచ్చే వెబ్ సర్వర్ ఐఐఎస్‌లో పెట్టగానే 500 ఎర్రర్ ఇస్తుంది. కోడ్‌లో ఎక్కడో తప్పుందని గంటల తరబడి వెతుకుతారు చాలామంది. ముందు ఒక్క విషయం పట్టుకోండి. ఎఫ్5 కొట్టినప్పుడు ప్రోగ్రామ్ మీ విండోస్ లాగిన్ మీద నడుస్తుంది, మీకు అందే ఫోల్డర్లు, డేటాబేస్‌లు అన్నీ దానికీ అందుతాయి. ఐఐఎస్‌లో అయితే అప్లికేషన్ పూల్ (సైట్‌ని విడిగా నడిపే ఐఐఎస్ ఏర్పాటు) పేరుతో ఉండే వేరే యూజర్ మీద నడుస్తుంది, ఆ యూజర్‌కి మీ సొంత ఫోల్డర్లతో ఏ సంబంధమూ లేదు. కింద చెప్పే వాటిలో సగం ఇబ్బందులు ఇక్కడి నుంచి వచ్చేవే.

మొదట కంట్రోల్ ప్యానెల్‌లో టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్ తెరిచి, ఇంటర్నెట్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్‌కి టిక్ పెట్టి ఓకే కొట్టండి. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ అని కొడితే ఐఐఎస్ స్వాగత పేజీ వస్తుంది. ఆ తర్వాతే, అంటే ఐఐఎస్ ఎక్కాకే, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ హోస్టింగ్ బండిల్ దించుకుని ఇన్‌స్టాల్ చేయండి. ప్రాజెక్ట్ డాట్‌నెట్ 8లో ఉంటే బండిల్ కూడా 8దే కావాలి. ఎస్‌డీకే (యాప్‌లు తయారుచేసే డాట్‌నెట్ కిట్) ఉంది కదా అనుకుంటే కుదరదు, ఐఐఎస్‌కీ మీ ఏపీఐకీ మధ్య నిలబడే మాడ్యూల్ ఈ బండిల్‌తోనే వస్తుంది. బండిల్ ముందే వేసేసి ఉంటే అదే ఇన్‌స్టాలర్ మళ్లీ నడిపి రిపేర్ కొట్టి, ఐఐఎస్‌ని రీస్టార్ట్ చేయండి.

ఇక పబ్లిష్, అంటే ఏపీఐ నడవడానికి కావాల్సిన ఫైళ్లను ఒక ఫోల్డర్‌లోకి తీయడం. ప్రాజెక్ట్ మీద రైట్ క్లిక్ చేసి పబ్లిష్, అందులో ఫోల్డర్ ఎంచుకోండి. సీ డ్రైవ్‌లో సైట్స్ అని ఒక ఫోల్డర్ చేసి, దాని లోపల ఏపీఐ పేరుతో ఇంకొకటి పెట్టుకుంటే చాలు. డెస్క్‌టాప్‌లోనో డాక్యుమెంట్స్‌లోనో మాత్రం వద్దు, అవి మీ లాగిన్‌వి, పూల్ యూజర్ అక్కడ అడుగుపెట్టలేడు.

ఐఐఎస్ మేనేజర్‌లో సైట్స్ మీద రైట్ క్లిక్ చేసి యాడ్ వెబ్‌సైట్ అనండి. పేరు ఆర్డర్స్ఏపీఐ అనుకుందాం, పాత్ ఇందాకటి ఫోల్డర్, 80 పోర్ట్ డిఫాల్ట్ సైట్ దగ్గర ఉంటుంది కాబట్టి పోర్ట్ 8081 ఇవ్వండి. అదే పేరుతో పూల్ దానంతట అదే తయారవుతుంది. దాన్ని తెరిచి సీఎల్ఆర్ వెర్షన్ దగ్గర నో మేనేజ్డ్ కోడ్ పెట్టండి, డాట్‌నెట్ కోర్ తన రన్‌టైమ్ తానే తెచ్చుకుంటుంది. తర్వాత ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీకి వెళ్లి, ఐఐఎస్ యాప్‌పూల్ అని రాసి, బ్యాక్‌స్లాష్ పెట్టి, పూల్ పేరు కొట్టి రీడ్ అండ్ ఎగ్జిక్యూట్ ఇవ్వండి. లిస్ట్‌లో వెతికితే ఈ పేరు కనిపించదు, చేత్తో టైప్ చేయాల్సిందే. లొకేషన్ దగ్గర ఆఫీస్ డొమైన్ ఉంటే మీ కంప్యూటర్ పేరుకి మార్చండి.

ఇప్పుడు బ్రౌజ్ కొడితే 404 వస్తే కంగారు పడకండి, ఏపీఐకి హోమ్ పేజీ ఉండదు కదా, మీ కంట్రోలర్ రూట్ కొట్టి చూడండి. స్వాగర్ (ఏపీఐని బ్రౌజర్‌లో పరీక్షించే పేజీ) కనిపించలేదంటే కారణం ఎన్విరాన్‌మెంట్, అంటే యాప్ ఏ మోడ్‌లో నడుస్తోందన్నది. ఐఐఎస్‌లో అది ప్రొడక్షన్‌గా మొదలవుతుంది, డాట్‌నెట్ 8 టెంప్లేట్ కోడ్ స్వాగర్‌ని డెవలప్‌మెంట్‌లోనే చూపిస్తుంది. యూజర్ సీక్రెట్స్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, కనెక్షన్ స్ట్రింగ్‌లు కూడా ఇక్కడ రావు, అవి మీ యూజర్ ప్రొఫైల్‌లో ఉంటాయి, డెవలప్‌మెంట్‌లోనే లోడ్ అవుతాయి. వాటిని ఐఐఎస్ కాన్ఫిగరేషన్ ఎడిటర్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌గా ఇవ్వండి.

ఎర్రర్ నంబర్‌ని పూర్తిగా, చుక్క తర్వాతి అంకెలతో సహా చదవండి. 500.19 వచ్చి వెబ్ కాన్ఫిగ్‌లో (పబ్లిష్ ఫోల్డర్‌లోని సెట్టింగ్స్ ఫైల్) తప్పేమీ లేకపోతే చాలాసార్లు బండిల్ లేనట్టే. 500.31 అంటే కావాల్సిన రన్‌టైమ్ వెర్షన్ దొరకలేదు. 500.30 అంటే మీ యాప్ మొదలవుతూనే పడిపోయింది, ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్ తెరిస్తే అసలు ఎక్సెప్షన్ అక్కడ ఉంటుంది. గూగుల్‌లో వెతికే ముందు అది చదవండి, దయచేసి.

ఎక్కువమంది ఆగిపోయేది డేటాబేస్ దగ్గర. విండోస్ లాగిన్‌తో కనెక్ట్ అయ్యే స్ట్రింగ్ ఉంటే, పూల్ పేరు చెప్పి లాగిన్ ఫెయిల్డ్ అంటుంది ఎస్‌క్యూఎల్ సర్వర్. మేనేజ్‌మెంట్ స్టూడియోలో సెక్యూరిటీ, లాగిన్స్ కింద ఇందాకటి ఐఐఎస్ యాప్‌పూల్ పేరుతో కొత్త లాగిన్ చేసి, యూజర్ మ్యాపింగ్‌లో మీ డేటాబేస్‌కి డేటారీడర్, డేటారైటర్ రోల్స్ ఇవ్వండి. పని త్వరగా అయిపోతుందని పూల్‌ని విండోస్‌లో పూర్తి అధికారాలుండే లోకల్ సిస్టమ్ అకౌంట్‌కి మార్చమనో, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అన్నీ చేయగలిగే సిసాడ్మిన్ రోల్ ఇచ్చేయమనో ఎవరైనా సలహా ఇస్తే వినకండి, ఏపీఐలో ఒక్క లొసుగు ఉన్నా సిస్టమ్ మొత్తం దాడి చేసేవాళ్ల చేతికి ఇచ్చినట్టే. లోకల్‌డీబీ (డెవలపర్ల కోసం ఉండే చిన్న ఎస్‌క్యూఎల్ సర్వర్) వాడుతుంటే అది ఒక్కో యూజర్‌కి వేరుగా నడుస్తుంది కాబట్టి, ఐఐఎస్ కోసం ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌కి మారిపోవడమే మేలు.

మళ్లీ పబ్లిష్ చేసేటప్పుడు డీఎల్ఎల్ (మీ కోడ్ ఉండే ఫైల్) లాక్ అయిందని ఆగితే, యాప్ అండర్‌స్కోర్ ఆఫ్‌లైన్ డాట్ హెచ్‌టీఎమ్ అనే ఫైల్‌ని ఆ ఫోల్డర్‌లో వేయండి, మాడ్యూల్ అది చూసి యాప్‌ని ఆపేస్తుంది. కాపీ అయ్యాక తీసేయండి.

ఫోన్ నుంచి టెస్ట్ చేయాలంటే ఫోనూ కంప్యూటరూ ఒకే వైఫైలో ఉండాలి. ఫోన్‌లో లోకల్‌హోస్ట్ అంటే ఫోనే, కాబట్టి కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొట్టి ఐపీవీ4 అడ్రస్ తీసుకోండి. విండోస్ ఫైర్‌వాల్‌లో ఇన్‌బౌండ్ రూల్ పెట్టి టీసీపీ 8081ని ప్రైవేట్ నెట్‌వర్క్‌కి మాత్రమే తెరవండి. ఫోన్ బ్రౌజర్‌లో వచ్చి మీ ఆండ్రాయిడ్ యాప్‌లో మాత్రం రాకపోతే, ఆండ్రాయిడ్ 9 నుంచి యాప్‌లలో మామూలు హెచ్‌టీటీపీని డిఫాల్ట్‌గా ఆపేస్తున్నారు, డీబగ్ బిల్డ్ మేనిఫెస్ట్‌లో క్లియర్‌టెక్స్ట్ ట్రాఫిక్‌కి అనుమతి ఇస్తే వచ్చేస్తుంది.