ఆర్ ప్రోగ్రామింగ్ భాషలో గీసిన చార్టు వార్తాపత్రికలో బొమ్మలా రావట్లేదా?

జీజీథీమ్స్ ప్యాకేజీలోని థీమ్_ఎకనామిస్ట్ (ఎకనామిస్ట్ పత్రిక చార్టుల రూపం) తగిలిస్తే పనైపోతుందని మొదట్లో నేనూ అనుకున్నాను. రంగు వచ్చింది గానీ ఆ వాలకం రాలేదు. అసలు చిక్కులు వేరేచోట ఉంటాయి.

శీర్షిక లోపలికి జరిగి ఉంది. ఆర్‌లో చార్టులు గీసే ప్యాకేజీ జీజీప్లాట్2 శీర్షికను గీతలున్న ప్యానెల్ అంచుకు సర్దుతుంది. అందుకే వై అక్షం అంకెలు ఎంత వెడల్పుంటే అంత పక్కకు జరుగుతుంది. థీమ్‌లో ప్లాట్.టైటిల్.పొజిషన్ = "ప్లాట్" అని ఇవ్వండి. 3.3.0 వెర్షన్ నుంచి ఈ వెసులుబాటు ఉంది. చార్టు కింద రాసే క్యాప్షన్‌కీ ఇలాంటిదే ఇచ్చి, హెచ్‌జస్ట్ 0 చేయాలి, అంటే ఎడమకు సర్దాలి. ఈ ఒక్క మార్పుతోనే సగం పని అవుతుంది.

బార్లు గాల్లో తేలుతున్నాయి. స్కేలు రెండు కొసల్లోనూ 5 శాతం ఖాళీ వదులుతుంది. స్కేల్_వై_కంటిన్యువస్‌లో ఎక్స్‌పాండ్ = ఎక్స్‌పాన్షన్(మల్ట్ = సి(0, 0.05)) పెడితే సున్నా గీత మీద కూర్చుంటాయి.

థీమ్‌లో చేసిన మార్పులు మాయం. మీ మార్పుల తర్వాత థీమ్_మినిమల్ రాశారేమో చూడండి. అది పాతదాన్ని మొత్తం తుడిచేస్తుంది. ముందు అది, తర్వాత మీవి. జీజీథీమ్స్‌లోనే ఉన్న థీమ్_ఫైవ్‌థర్టీఎయిట్‌లో అక్షాల పేర్లు కనపడకపోతే మాత్రం మీ తప్పు కాదు, అది కావాలనే తీసేస్తుంది. యాక్సిస్.టైటిల్ = ఎలిమెంట్_టెక్స్ట్() అని మళ్లీ రాయండి.

తెలుగు ఒత్తులు విడిపోతున్నాయి. నన్ను బాగా ఏడిపించింది ఇదే. ఫాంట్ మార్చి మార్చి విసిగిపోయాను, తప్పు ఫాంటుది కాదు. చార్టులో ఫాంట్లు వాడుకోవడానికి వేసుకునే షోటెక్స్ట్ ప్యాకేజీ ఒక్కో అక్షరాన్నీ విడిగా గీస్తుంది, ఒత్తుల్ని కలపడం దానికి రాదు. దాన్ని ఆపేసి, చార్టును బొమ్మ ఫైలుగా గీసే ర్యాగ్ ప్యాకేజీ వేసుకోండి. అక్షరాల కూర్పు అందులో వాడే హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చూసుకుంటుంది. నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ సిస్టంలో ఉంటే చాలు. ఆర్ కోడ్ రాసుకునే ఆర్‌స్టూడియోలో కూడా సరిగ్గా కనపడాలంటే దాని సెట్టింగుల్లో గ్రాఫిక్స్ బ్యాకెండ్‌ను ఏజీజీకి మార్చండి.

తెర మీద బాగుంది, ఫైల్లో అక్షరాలు చీమలు. అక్షరాల సైజు పాయింట్లలో ఉంటుంది, కాగితం పెద్దదైనా అది పెరగదు. చార్టును ఫైలుగా సేవ్ చేసే జీజీసేవ్‌లో వెడల్పు, ఎత్తు మొదటిరోజే ఖాయం చేసుకుని, సేవ్ చేసిన ఫైలునే చూస్తూ దిద్దుకోండి.

గీత చివర రాసిన పేరు తెగిపోతోంది. ఏ రంగు దేనిదో చెప్పే లెజెండ్ తీసేసి పేర్లను గీతల పక్కనే రాయడం పత్రికల పద్ధతి. కానీ ప్యానెల్ దాటిన దాన్ని జీజీప్లాట్2 కత్తిరిస్తుంది. కోఆర్డ్_కార్టీసియన్‌లో క్లిప్ = "ఆఫ్" చేసి, ప్లాట్.మార్జిన్‌లో కుడివైపు చోటు పెంచండి. ఎంత పెంచాలంటే, మీ పేర్లలో పొడవైనది పట్టేంత.